కరెంటు పోతే మోగాల్సిన సైరన్, కరెంటు ఉన్నప్పుడే మూలుగుతోంది. సాయం చేయండి

విడవలూరు_గట్టు (శనివారం, రాత్రి 9:14)

అందరికీ నమస్కారం. మాది విడవలూరు దగ్గర, సముద్రం వైపు. నాన్న రెండు రొయ్యల గుంటలు చేస్తున్నారు, వనామీ. పోయిన నెల ఒకరోజు తెల్లవారుజామున కరెంటు పోయింది, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపేవి) ఆగిపోయాయి. జనరేటర్ దగ్గర పడుకున్న మనిషికి మెలకువ రాలేదు. ఐదున్నరకు నేను వెళ్లేసరికి ఒక గుంటలో రొయ్య తేలి అంచులకు వచ్చేసింది. ఎంత పోయిందో ఇక్కడ రాయను, నాన్న చదువుతారేమో.

అందుకే ఒక అలారం చేద్దామని కూర్చున్నా. నేను చదివింది బీకామ్. యూట్యూబ్ చూసి బీసీ 547 ట్రాన్సిస్టర్లు పది తెచ్చా, మూడు కాళ్లవి: బేస్, కలెక్టర్, ఎమిటర్. కరెంటు ఉందో లేదో తెలియడానికి పాత ఫోన్ చార్జర్ (5 వోల్టులు), సైరన్‌కి 12 వోల్టుల బ్యాటరీ. చార్జర్ ప్లస్ నేరుగా బేస్‌కి, బ్యాటరీ ప్లస్ కలెక్టర్‌కి, ఎమిటర్ నుంచి సైరన్, సైరన్ రెండో వైరు మైనస్‌కి ఇచ్చా. మైనస్‌లన్నీ ఒకచోట కలిపా.

ఫలితం: కరెంటు ఉన్నప్పుడు సైరన్ జ్వరం వచ్చిన పిల్లిలా మూలుగుతుంది, కరెంటు తీసేస్తే మూగబోతుంది. ట్రాన్సిస్టర్ ముట్టుకుంటే వేలు కాలింది. పది సెకన్లకి అదీ పోయింది. నేనెక్కడ తప్పు చేశా?

కావలి_డిప్లొమా (రాత్రి 9:31)

బ్రో, సైరన్ మీద ఎన్ని యాంపులు అని ఉంది? బీసీ 547 తట్టుకునేది 100 మిల్లీ యాంపులే.

విడవలూరు_గట్టు (రాత్రి 9:33)

12 వోల్టులు, 500 మిల్లీ యాంపులు అని ఉంది. అయ్యో.

ఒంగోలు_రేడియో (రాత్రి 9:58)

అబ్బాయ్, తప్పులు మూడు ఉన్నాయి. 500 సంగతి పిల్లాడు చెప్పాడు. అది పక్కన పెట్టు, అసలు తప్పు వేరే.

నువ్వు సైరన్‌ని ఎమిటర్ కింద పెట్టావు. ట్రాన్సిస్టర్ తెరుచుకోవాలంటే బేస్ ఎప్పుడూ ఎమిటర్ కంటే 0.7 వోల్టు ఎక్కువలో ఉండాలి. నీ బేస్ 5 దగ్గర ఉంది కాబట్టి ఎమిటర్ 4.3 దాటి పైకి పోలేదు. అంటే 12 వోల్టుల సైరన్‌కి అందింది 4.3 మాత్రమే. మూలగక ఏం చేస్తుంది? మిగతా 7.7 వోల్టులు ట్రాన్సిస్టర్ నెత్తిన పడ్డాయి. ఆ సైరన్ 150 మిల్లీ యాంపులు లాగిందనుకున్నా ఒక వాటు పైనే వేడి. బీసీ 547 మోయగలిగేది అర వాటు. పది సెకన్లు బతకడమే గొప్ప.

మీ వైపు కాలవ తూములు చూసి ఉంటావు. షట్టర్ పూర్తిగా దించితే నీరు రాదు, పూర్తిగా ఎత్తితే అడ్డం లేకుండా పోతుంది. సగం ఎత్తినప్పుడే నీరు షట్టర్ అంచుని కొడుతూ, దాన్ని అదరగొడుతూ పోతుంది. ట్రాన్సిస్టర్‌ని స్విచ్‌గా వాడేటప్పుడు దించాలి, లేదంటే ఎత్తాలి. సగంలో ఆపితే వేడి. నీది సగంలో ఆగిన షట్టర్.

రేడియోలో అయితే కావాలనే సగంలో ఉంచుతాం, శబ్దం కిందికీ పైకీ ఆడటానికి చోటు కావాలి కాబట్టి. మా రోజుల్లో రేడియోనే ట్రాన్సిస్టర్ అనేవాళ్లం. నలభై ఏళ్లు సగం ఎత్తిన షట్టర్లతోనే బతికా. స్విచ్ పని నేను తర్వాత నేర్చుకున్నదే.

కాబట్టి లోడ్‌ని, అంటే సైరన్‌ని, కలెక్టర్ వైపు పెట్టు. ఎమిటర్ నేరుగా మైనస్‌కి.

కావలి_డిప్లొమా (రాత్రి 10:06)

మూడు తప్పులన్నారు కదా సార్, మూడోది?

ఒంగోలు_రేడియో (రాత్రి 10:10)

బేస్‌కి రెసిస్టర్ లేదు. ఎమిటర్ కింద సైరన్ ఉంది కాబట్టి ఇంతవరకు అది దాగి ఉంది. ఇప్పుడు ఎమిటర్ మైనస్‌కి వేస్తే బయటపడుతుంది. రెసిస్టర్ లేకుండా పెట్టొద్దు అబ్బాయ్.

విడవలూరు_గట్టు (రాత్రి 10:41)

మీ మెసేజ్ చూడకముందే పెట్టేశా మామా. చిటుక్కుమంది. రెండోది పోయింది.

ల్యాబ్_మేడమ్_నెల్లూరు (ఆదివారం, ఉదయం 6:50)

బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఉన్నది లోపల ఒక డయోడే, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చేది. 5 వోల్టులు ఇవ్వగల చార్జర్‌ని దానికి అడ్డంగా పెడితే, అది 0.7 దగ్గర ఆపాలని చూస్తుంది, చార్జర్ 5కి లాగాలని చూస్తుంది. ఓడిపోయేది చిన్నదే. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో మొదటి వారం ప్రతి బ్యాచ్ ఒక డబ్బా ట్రాన్సిస్టర్లు ఇలాగే కాలుస్తుంది, మీరు రెండే కాల్చారు.

నా సలహా: సైరన్‌ని ట్రాన్సిస్టర్‌తో నేరుగా తిప్పకండి. మధ్యలో 12 వోల్టుల చిన్న రిలే పెట్టండి, నీలం చక్కెర గడ్డలా ఉండేది. లోపలి కాయిల్‌లో కరెంటు పారితే అయస్కాంతంలా లాగి కాంటాక్టు కలిపే స్విచ్ అది. దాని కాయిల్ 400 ఓమ్‌లు, అంటే 30 మిల్లీ యాంపులు. బీసీ 547కి అది హాయి. సైరన్ లాగే 500 రిలే కాంటాక్టు మీదుగా పోతుంది, ట్రాన్సిస్టర్‌కి సంబంధం ఉండదు.

రిలే కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ తప్పనిసరి. తెల్ల గీత ఉన్న వైపు బ్యాటరీ ప్లస్‌కి. ట్రాన్సిస్టర్ ఆగిన క్షణంలో కాయిల్‌లో ఉన్న కరెంటు ఒక్కసారిగా ఆగనంటుంది. డయోడ్ లేకపోతే ఆ చివర వోల్టేజి వందల్లోకి లేస్తుంది, బీసీ 547 తట్టుకునేది 45 వోల్టులు. డయోడ్ ఉంటే ఆ కరెంటు కాయిల్ చుట్టూనే తిరిగి చల్లారుతుంది. డయోడ్ తిరగేసి పెడితే మాత్రం బ్యాటరీ మొత్తం ట్రాన్సిస్టర్ మీదుగా పారుతుంది, మీ లెక్క మూడుకి చేరుతుంది.

కావలి_డిప్లొమా (ఉదయం 8:20)

మేడమ్, 547బి గెయిన్ (బేస్ కరెంటుకి కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో) 200 పైనే కదా. 30 మిల్లీ యాంపులకి బేస్‌లో 0.15 ఇస్తే చాలు. నెట్‌లో అందరూ 3 మిల్లీ యాంపులు ఇవ్వమంటారు, అంత ఎందుకు?

ల్యాబ్_మేడమ్_నెల్లూరు (ఉదయం 8:47)

మంచి ప్రశ్న, పరీక్షలో చాలామంది ఇక్కడే పడతారు. డేటాషీట్‌లో ఆ గెయిన్‌ని కొలిచింది కలెక్టర్ దగ్గర 5 వోల్టులు ఉంచి. అంటే ఒంగోలు సార్ చెప్పిన సగం షట్టర్ స్థితిలో. మనకు కలెక్టర్ 0.2 దగ్గరికి దిగాలి. అక్కడ గెయిన్ పడిపోతుంది. అదే డేటాషీట్‌లో సాచురేషన్ (పూర్తిగా తెరుచుకున్న స్థితి) వరస చూడండి: కలెక్టర్ 10 మిల్లీ యాంపులకి బేస్ 0.5, 100కి 5 అని రాసి ఉంటుంది. అంటే ఇరవయ్యో వంతు. మనం పదో వంతు ఇస్తే బ్యాటరీ దిగినా, ఎండ కాసినా, షాపతను ఏ గ్రేడ్ ఇచ్చినా పని జరుగుతుంది.

పొదిలి_టెక్ (ఉదయం 9:15)

చార్జర్ ఎందుకు దండగ? 0.47 మైక్రోఫారడ్ 400 వోల్టుల కెపాసిటర్‌ని ఫేజుకి సిరీస్‌లో పెట్టి, నాలుగు డయోడ్‌లు, ఒక జీనర్ (వోల్టేజిని ఒకచోట ఆపే డయోడ్). ముప్పై రూపాయల్లో పని అయిపోతుంది.

ల్యాబ్_మేడమ్_నెల్లూరు (ఉదయం 9:22)

అయిపోయేది పని ఒక్కటే కాదు. ఆ సర్క్యూట్‌లో ప్రతి వైరూ ఫేజుతో కలిసే ఉంటుంది, బ్యాటరీ మైనస్‌తో సహా. తడి గట్టు, ఉప్పు నీళ్లు, చెప్పుల్లేని కాళ్లు. వద్దు. చార్జర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులనూ వేరు చేస్తుంది, దానికే మనం డబ్బులిచ్చేది.

పొదిలి_టెక్ (ఉదయం 9:40)

సరే మేడమ్. గట్టు మీద అన్న సంగతి ఆలోచించలేదు.

విడవలూరు_గట్టు (ఉదయం 11:05)

రిలే, డయోడ్ తెచ్చా. చార్జర్ నుంచి 1.2 కె (కిలో ఓమ్‌ల) రెసిస్టర్‌తో బేస్‌కి ఇచ్చా. ఏమీ జరగలేదు. రిలే అస్సలు పలకలేదు. మల్టీమీటర్‌తో చార్జర్ చూస్తే 5.1 వోల్టులు చక్కగా ఉంది.

ఒంగోలు_రేడియో (ఉదయం 11:12)

చార్జర్ మైనస్, బ్యాటరీ మైనస్ కలిపావా?

విడవలూరు_గట్టు (ఉదయం 11:13)

మొదట కలిపా. కొత్త బోర్డు మీద కలపలేదు.

విడవలూరు_గట్టు (ఉదయం 11:19)

పలికింది!! టక్ అంది! కానీ కరెంటు ఉన్నప్పుడే టక్ అంటోంది. నాకు కావాల్సింది తల్లకిందులు కదా.

ఒంగోలు_రేడియో (ఉదయం 11:45)

నీకు నిజం చెప్పనా? నీ పనికి ట్రాన్సిస్టరే అక్కర్లేదు. 12 వోల్టుల అడాప్టర్ తెచ్చి రిలే కాయిల్‌కి నేరుగా ఇవ్వు. కరెంటు ఉన్నంతసేపు రిలే లాగి ఉంటుంది. రిలేకి రెండు కాంటాక్టులుంటాయి, వదిలినప్పుడు కలిసేది ఒకటి. దాని మీదుగా బ్యాటరీ నుంచి సైరన్‌కి వేయి. కరెంటు పోతే రిలే వదిలేస్తుంది, సైరన్ మోగుతుంది. అడాప్టర్ చెడిపోయినా, వైరు ఎలుక కొరికినా కూడా మోగుతుంది. అలారం అంటే అలా ఉండాలి, తన జబ్బు తానే చెప్పుకోవాలి.

ఇందుకూరుపేట_రైతు (మధ్యాహ్నం 12:30)

పెద్దాయన చెప్పింది మేము పెట్టుకున్నాం, రెండేళ్ల కిందట. ఒక్క ఇబ్బంది. మా ఫీడర్‌లో రాత్రిపూట కరెంటు రెండు సెకన్లు పోయి వస్తుంటుంది, గాలి కొట్టినప్పుడల్లా. ప్రతిసారీ సైరన్. నాలుగో రోజు కాపలా మనిషి వైరు పీకి దిండు కింద పెట్టుకున్నాడు. పీకిన సంగతి ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఏం జరిగి ఉంటుందో గుంట ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మోగే ముందు అర నిమిషం ఆగేలా చేయగలిగితే చేయండి. అర నిమిషంలో రొయ్యకి ఏం కాదు.

ల్యాబ్_మేడమ్_నెల్లూరు (మధ్యాహ్నం 1:55)

ఇక్కడే ట్రాన్సిస్టర్ తన కూలి తాను సంపాదించుకుంటుంది. రిలే ఒక్కదానితో ఆ అర నిమిషం కావాలంటే కాయిల్‌కి అడ్డంగా కెపాసిటర్ పెట్టాలి. 400 ఓమ్‌ల కాయిల్ దాన్ని గటగటా తాగేస్తుంది. లెక్క వేస్తే 33 వేల మైక్రోఫారడ్‌ల దాకా కావాలి. ట్రాన్సిస్టర్ బేస్ అయితే చుక్క చుక్కగా తాగుతుంది, మామూలు 1000 మైక్రోఫారడ్ చాలు.

రెండు ట్రాన్సిస్టర్లు వాడదాం. రెండోది రిలేని లాగేది: ఎమిటర్ మైనస్‌కి, కలెక్టర్ నుంచి రిలే కాయిల్, కాయిల్ రెండో కొస బ్యాటరీ ప్లస్‌కి, మీరు పెట్టిన డయోడ్ అలాగే. దాని బేస్‌కి బ్యాటరీ ప్లస్ నుంచి 3.3 కె (నారింజ, నారింజ, ఎరుపు). అడ్డేమీ లేకపోతే 3.4 మిల్లీ యాంపులు బేస్‌లోకి పోయి రిలే లాగుతుంది, సైరన్ మోగుతుంది.

మొదటి ట్రాన్సిస్టర్ అడ్డుపడేది. ఎమిటర్ మైనస్‌కి, కలెక్టర్ రెండోదాని బేస్‌కి. చార్జర్ నుంచి కరెంటు వస్తున్నంతసేపు అది పూర్తిగా తెరుచుకుని ఆ 3.4నీ తన మీదుగా మైనస్‌కి లాగేస్తుంది. రెండోదాని బేస్ దగ్గర మిగిలేది 0.2 వోల్టు లోపే, 0.7 కావాలి కాబట్టి అది నిద్రలో ఉంటుంది. కరెంటు పోతే మొదటిది వదిలేస్తుంది, రెండోది లేస్తుంది. తల్లకిందులు చేయడమంటే ఇంతే.

ఇక ఆలస్యం. చార్జర్ ప్లస్ నుంచి ఇంకో 1ఎన్4007, తెల్ల గీత మనవైపు. ఆ గీత దగ్గర 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులది, దాని మైనస్ మైనస్‌కి. అక్కడి నుంచి 10 కె (గోధుమ, నలుపు, నారింజ) మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కి. కరెంటు పోయాక ఈ కెపాసిటర్ 10 కె మీదుగా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఆ డయోడ్ లేకపోతే చార్జర్ వెనక్కి తాగేస్తుంది. గెయిన్‌ని బట్టి 25 నుంచి 40 సెకన్ల మధ్య వస్తుంది. కరెంటు తిరిగొస్తే కెపాసిటర్ వెంటనే నిండుతుంది, సైరన్ మోగదు.

కావలి_డిప్లొమా (మధ్యాహ్నం 2:20)

మేడమ్, కెపాసిటర్ నెమ్మదిగా దిగితే ట్రాన్సిస్టర్ కూడా నెమ్మదిగా కదులుతుంది. మళ్లీ సగం షట్టరే కదా? కాలిపోదా?

ల్యాబ్_మేడమ్_నెల్లూరు (మధ్యాహ్నం 2:41)

భలే పట్టుకున్నావు. లెక్క వెయ్యి. సగంలో ఉన్నప్పుడు వేడి ఎక్కువ: 6 వోల్టులు, 15 మిల్లీ యాంపులు. 90 మిల్లీ వాట్లు. మోయగలిగేది 500. ఇక్కడ ఇబ్బంది లేదు. రిలే కూడా ఒకసారి లాగిందంటే కాయిల్ వోల్టేజి బాగా పడేదాకా వదలదు, కాబట్టి టకటకలాడదు. అదే ట్రాన్సిస్టర్‌తో 500 మిల్లీ యాంపుల సైరన్‌ని నేరుగా తిప్పి ఉంటే 6 వోల్టులు, 250 మిల్లీ యాంపులు, వాటున్నర. అప్పుడు నీ భయం నిజమయ్యేది.

పొదిలి_టెక్ (మధ్యాహ్నం 3:02)

రిలే లేకుండా మాస్‌ఫెట్ (గేట్ అనే కాలికి ఇచ్చే వోల్టేజితో తెరుచుకునే ట్రాన్సిస్టర్) పెడితే? ఐఆర్ఎఫ్ 540 నా దగ్గర ఉన్నాయి.

ఒంగోలు_రేడియో (మధ్యాహ్నం 3:30)

గేట్‌కి 10 వోల్టులిస్తే బ్రహ్మాండం, ఇక్కడ బ్యాటరీ 12 ఉంది కాబట్టి నడుస్తుంది. 5 వోల్టుల బోర్డు నుంచి ఇస్తే మళ్లీ సగం షట్టరే. కానీ గుంట దగ్గర నేను రిలేకే ఓటేస్తా. టక్ అని వినిపిస్తుంది, కాపలా మనిషికి కూడా అర్థమవుతుంది.

సింగరాయకొండ_వైండింగ్ (సాయంత్రం 6:15)

ఇప్పుడే చూశా. నేను మోటార్లు చుట్టేవాణ్ని, ట్రాన్సిస్టర్ల సంగతి తెలీదు. ఒక్క మాట.

మూడు ఫేజుల్లో ఒకటే పోతే ఈ అలారం మోగుతుందని అనుకోకు తమ్ముడూ. చార్జర్‌ని ఆ పోయిన ఫేజు మీదే పెట్టావనుకో, అయినా మోగకపోవచ్చు. ఎందుకంటే తిరుగుతున్న ఏరేటర్ మోటారు మిగతా రెండు ఫేజులతో తిరుగుతూనే, పోయిన ఫేజు వైరులోకి తానే వోల్టేజి పుట్టిస్తుంది. నీ చార్జర్ మీద చూడు, 100 నుంచి 240 అని రాసి ఉంటుంది. ఆ అరకొర వోల్టేజికే అది 5 ఇచ్చేస్తుంది. నీ అలారం అంతా బాగుందంటుంది, మోటారు మాత్రం మూలుగుతూ కాలుతుంది. నా దగ్గరికి వచ్చే ఏరేటర్ మోటార్లలో ఎక్కువ ఇవే.

దానికి సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ వేరే పెట్టుకో. అది మూడు ఫేజుల పొందిక చూస్తుంది. ఈ రెండూ వేరు వేరు పనులు.

విడవలూరు_గట్టు (సాయంత్రం 6:40)

అన్నా, మా స్టార్టర్‌లో ప్రివెంటర్ ఉంది, కానీ పోయినేడు ఎవరో బైపాస్ చేశారు, ఊరికే ట్రిప్ అవుతోందని.

సింగరాయకొండ_వైండింగ్ (సాయంత్రం 6:44)

ముందు అది సరిచెయ్. సైరన్ తర్వాత.

ల్యాబ్_మేడమ్_నెల్లూరు (రాత్రి 7:30)

నేను అనుకోని సంగతి ఇది. మోటారు వెనక్కి ఇచ్చే వోల్టేజి పాఠంలో చెప్తాం, చార్జర్ దాన్ని మింగేస్తుందని తట్టలేదు. ధన్యవాదాలు అన్నా.

విడవలూరు_గట్టు (బుధవారం, రాత్రి 10:20)

ఆలస్యంగా రాస్తున్నా. ఆదివారం రాత్రి కట్టాను, పని చేయలేదు. షాపులో బీసీ 547 అయిపోయాయని పీఎన్ 2222 ఇచ్చారు, దాని కాళ్లు వేరట. 547 అయితే చదును వైపు మనకి పెట్టుకుని, కాళ్లు కిందికి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. దీనికి ఎమిటర్, బేస్, కలెక్టర్. తిప్పి పెట్టగానే పలికింది.

నెట్ చూడకుండా కనుక్కునే దారి ఒంగోలు మామ ఫోన్‌లో చెప్పారు, ఎవరికైనా పనికొస్తుంది: మల్టీమీటర్ డయోడ్ గుర్తు మీద పెట్టి, ఎర్ర పిన్ను ఏ కాలు మీద ఉంచితే మిగతా రెండింటితోనూ 0.6, 0.7 అలా చూపిస్తుందో అది బేస్. ఆ రెండింట్లో కొంచెం ఎక్కువ చూపించేది ఎమిటర్.

ఆలస్యం 27 సెకన్లు వచ్చింది, ఫోన్‌లో లెక్కపెట్టా. కరెంటు ఉన్నప్పుడు సర్క్యూట్ బ్యాటరీ నుంచి లాగేది మూడున్నర మిల్లీ యాంపులే. 7 యాంప్ అవర్ బ్యాటరీ కాబట్టి చార్జింగ్ లేకపోయినా రెండు నెలల పైన నిలవాలి. ప్రివెంటర్ బైపాస్ తీయించాం. ఒక వైరు వదులుగా ఉండి ట్రిప్ అయ్యేదట, అంతే.

ఇందుకూరుపేట_రైతు (రాత్రి 10:45)

బోర్డుకి వార్నిష్ కొట్టు బాబూ. మన ఉప్పు గాలికి రాగి గీతలు ఆరు నెలల్లో పచ్చబడతాయి. డబ్బా కంతలన్నీ మూసెయ్. మా దాంట్లో బల్లి గుడ్లు పెట్టింది. వారానికోసారి చార్జర్ పీకి మోగుతోందో లేదో చూడు, పగలు.

విడవలూరు_గట్టు (శుక్రవారం, ఉదయం 5:05)

రాత్రి 2:40కి కరెంటు పోయింది. మోగింది. ఇంట్లో పడుకున్న నాకే వినబడింది, అర కిలోమీటరు ఉంటుంది. నేను బండి తీసేలోపే జనరేటర్ మొదలైంది. ఏరేటర్లు నాలుగు నిమిషాలు కూడా ఆగలేదు. నాన్న డబ్బా మూత తీసి లోపల చాలాసేపు చూశారు. ఇందులో ఏది మోగేది అన్నారు. రిలే చూపించా. మరి ఈ రెండు నల్ల గింజలేంటి అన్నారు.

ఒంగోలు_రేడియో (ఉదయం 6:10)

ఏం చెప్పావు?

విడవలూరు_గట్టు (ఉదయం 6:12)

ఒకటి తూము, ఇంకోటి ఆ తూముని మూసిపెట్టే లస్కరు అన్నా. సరే, లస్కరుకి జీతం ఇవ్వక్కర్లేదుగా అన్నారు.